ఒక్కరోజులో పక్షి ప్రేమికుడు: అమీర్‌పేట క్రాష్ కోర్సు

అమీర్‌పేటలో నలభై అయిదు రోజుల్లో జావా నేర్పుతారు, నెలరోజుల్లో ఇంగ్లిషు మాట్లాడిస్తారు, వారం తిరిగేసరికి టాలీ చేతికిచ్చి పంపిస్తారు. మైత్రీవనం చుట్టుపక్కల గోడ మీద జానెడు జాగా ఖాళీగా దొరికితే అక్కడో కోర్సు మొలుస్తుంది. ఇన్ని బోర్డుల మధ్య చెరువుల మీద పక్షుల్ని చూడ్డం ఎలాగో చెప్పే బోర్డు ఒక్కటీ లేకపోవడం మన పేటకే చిన్నతనం. ఆ లోటు తీర్చడానికే ఈ సలహాలు. వీటిని తు.చ. తప్పకుండా పాటిస్తే పొద్దంతా చెరువులు తిరిగి, ఒక్క పిట్టనీ సరిగా చూడకుండా, తడిసి ముద్దయి ఇల్లు చేరతారని నా హామీ. ఫీజు లేదు. డెమో క్లాసూ ఇదే, సర్టిఫికెట్టూ ఇదే.

సలీం అలీ 1931–32లో నిజాం రాజ్యమంతా పక్షుల సర్వే చేశాడు. నెలల తరబడి ఊరూరా మకాం వేసి, అడవులూ చెరువులూ గాలించి, చూసిన ప్రతి పిట్టకూ లెక్క రాశాడు. పాపం ఆయనకు మెట్రో లేదు, రీల్స్ లేవు. మీకు ఒక్క ఆదివారం చాలు.

ముహూర్తం

కార్తీకమే సరైన నెల. ఉత్తరాసియా చలికి ఆగలేక సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, ఉల్లంకులు మన చెరువుల్లో గుంపులుగా దిగే రోజులవి. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి, వాయుగుండంగా బలపడి, సరిగ్గా ఆదివారం నాటికి హైదరాబాద్ మీదికి మబ్బుల్ని తోలేదీ అప్పుడే. తెల్లారగట్ల మంచు, పదకొండింటికి మాడు పగిలే ఎండ, మూడింటికి కుండపోత, అయిదింటికి ఏమీ ఎరగనట్టు కడిగిన ఆకాశం. ఇన్ని కాలాలు ఒకే పూట దొరికే అదృష్టాన్ని సూచనలు చదివి పాడుచేసుకోకండి.

వాతావరణ శాఖవారి కేంద్రం బేగంపేటలో ఉంది. అమీర్‌పేట నుంచి మెట్రోలో పక్క స్టేషనే. రోజూ బులెటిన్ ఇస్తారు. పక్క స్టేషనువాళ్ళు చెబితే మనం వినడమా! హాస్టల్ కిటికీ తెరవండి. ఎదురు హాస్టల్ గోడ, దాని మీద ఆరేసిన తువ్వాళ్ళు కనిపిస్తాయి. తువ్వాలు ఊగకపోతే గాలి లేదు, తడిగా ఉంటే రాత్రి వాన పడింది. ఇంతకుమించిన శాస్త్రం ఎందుకు? 2000 ఆగస్టు 24న ఆ బేగంపేటలోనే ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసిందని, ఓ మోస్తరు జల్లుకే మైత్రీవనం ముందు రోడ్డు వాగవుతుందని గుర్తుచేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళని కారెక్కించుకోకండి.

గాలి ఎటునుంచి వీస్తోందో అసలే చూడొద్దు. ఈదురుగాలి వీచే రోజున బాతులు నడిచెరువులో అలల మీద ఊగుతూ కూచోవు. గాలి తగలని ఒడ్డుకీ, తుంగ చాటుకీ, కట్ట మరుగుకీ చేరిపోతాయి. ఆ కిటుకు తెలిసిన మనిషి తిన్నగా అక్కడికే పోయి, అరగంటలో అన్నీ చూసుకుని టిఫిన్‌కి వెళ్ళిపోతాడు. మీరు గాలి మొహాన కొట్టే ఒడ్డునే ఎంచుకోండి. ఖాళీ నీళ్ళకేసి ఓ పది నిమిషాలు చూసి, ‘ఈ ఏడు పక్షులు రాలేదు, అంతా గ్లోబల్ వార్మింగ్’ అని తేల్చేయండి. పక్కనున్నవాళ్ళు తలూపుతారు.

బయలుదేరడం

మెట్రో పొద్దున ఆరింటికే మొదలవుతుంది. అమీర్‌పేటలో ఎక్కి మియాపూర్‌లో దిగి ఆటో పట్టుకుంటే ఏడింటికల్లా అమీన్‌పూర్ చెరువు కట్ట మీద ఉండొచ్చు. ఈ పొరపాటు మాత్రం చేయకండి. తెల్లవారిన రెండు మూడు గంటలే పక్షులు కడుపారా మేసేదీ, గొంతెత్తి కూసేదీ, గుంపులు మారేదీ. ఆ వేళకు వెళ్తే అవి కనిపించే ప్రమాదం ఉంది.

పదింటికి లేవండి. స్నేహితుడి కారు కోసం పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద నిలబడండి. వాడు ‘ఎర్రమంజిల్ దాటాను’ అంటే ఇంకా పడక దిగలేదని అర్థం. ఈలోగా ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. చెరువు చేరేసరికి మిట్టమధ్యాహ్నం కావాలి. అప్పుడు నీటిమీది గాలి వేడెక్కి అలలాడుతుంది. అవతలి ఒడ్డున నిలబడ్డ ఉల్లంకి ఎంత మంచి అద్దాల్లోంచి చూసినా కరిగి, రెండై, మళ్ళీ ఒకటవుతుంది. రెండుగా ఉన్నప్పుడు లెక్క రాసుకోండి.

ఏ ఒడ్డున నిలబడాలన్నది ఇంకా ముఖ్యం. సూర్యుడు మీ వీపు వెనక ఉంటే పక్షి ముక్కు రంగూ, కాళ్ళ రంగూ, రెక్క మీద చారా అన్నీ బయటపడతాయి. వెంటనే పక్కవాళ్ళు పేరు చెప్పమంటారు. ఆ తలనొప్పి లేకుండా పొద్దునైతే పడమటి ఒడ్డున, సాయంత్రమైతే తూర్పు ఒడ్డున నిలబడండి. ఎదురెండలో చెరువు మీద కనిపించేవన్నీ నల్లటి బొమ్మలే. అంటే అన్నీ నీటికాకులే. గుర్తుపట్టడం ఇంత తేలికని ఏ పుస్తకంలోనూ రాయలేదు.

వేషం, సామాను

వాతావరణ శాఖవాళ్ళు ఎల్లో అలర్ట్ అంటే పసుపు చొక్కా, ఆరెంజ్ అంటే కాషాయం, రెడ్ అంటే ఎర్ర టీషర్టు. వాళ్ళ బులెటిన్‌కి ఉన్న ఉపయోగం ఇదొక్కటే. మట్టిరంగు, ముదురాకుపచ్చ బట్టలు బీరువాలోనే ఉండాలి. మన కంట్లో రంగు పట్టే కణాలు మూడు రకాలైతే పక్షుల కంట్లో నాలుగు రకాలు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతి కూడా చాలా పక్షులకు కనిపిస్తుంది. అంత చూపున్న జీవుల ముందుకు వెలిసిన బట్టల్లో వెళ్తే మన పరువేం కాను? గొడుగు ఏడు రంగులది, మీట నొక్కితే ఫట్‌మని విచ్చుకునేది తీసుకోండి. రెయిన్‌కోటు నడిస్తే గరగరలాడాలి. కాళ్ళకు హవాయి చెప్పులు. చెరువు బురదకు అవంటే ప్రాణం, ఒకదాన్నైనా ఉంచేసుకుంటుంది.

బైనాక్యులర్స్ సంగతి. అనుభవమున్నవాళ్ళు 8×42 కొనమంటారు. అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. చేతిలో నిలకడగా ఉంటుందట, మబ్బు పట్టినా వెలుతురు చాలుతుందట. మీరు ఫుట్‌పాత్ మీద ‘ముప్పై రెట్లు’ అని రాసి అమ్మేదే కొనండి. ముప్పై రెట్లు పెంచితే పక్షితో పాటు మీ చేతి వణుకూ ముప్పై రెట్లవుతుంది. కదలకుండా కూచున్న పక్షి కూడా ఎగురుతున్నట్టే ఉంటుంది, డబ్బులు గిట్టుబాటు. దారి పొడవునా ఏసీ కారులో డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని వస్తే ఇంకా మంచిది. వాన వెలిసిన తేమగాలిలోకి దిగగానే చల్లబడ్డ అద్దాలకు ఆవిరి కమ్ముకుంటుంది. చొక్కా అంచుతో గట్టిగా రుద్దండి. దాని మీద రెండు ఇసుక రేణువులుంటే అద్దం మీద మీ సంతకం శాశ్వతంగా ఉండిపోతుంది.

పిట్ట కూతలు ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకుని, బ్లూటూత్ స్పీకర్ పట్టుకెళ్ళండి. పొదలోని మగపిట్ట తన ఇలాకాలోకి ఎవడో కొత్తవాడు చొరబడ్డాడని బెదిరి, మేత మానేసి, మీ స్పీకర్ చుట్టూ తిరుగుతుంది. గూళ్ళు కట్టే కాలమైతే గుడ్లు వదిలేసి మరీ వస్తుంది. మళ్ళీ మళ్ళీ వేయండి. అది అలిసిపోయినప్పుడు ఫొటో బాగా వస్తుంది.

శిఖంలో పార్కింగ్

కట్ట మీద కారాపి నడవడం ముసలివాళ్ళ పద్ధతి. నీళ్ళు వెనక్కి తగ్గి తేలిన శిఖం భూమిలోకి బండి దింపేయండి. గట్టి గులకరాళ్ళ నేల, టైర్లకు బాగుంటుంది. వేసవిలోనైతే మరీ మంచిది. తీతువు పిట్ట అక్కడే గుడ్లు పెడుతుంది.

తీతువు గూడంటూ అల్లదు. బోర్లపడి నేలను రొమ్ముతో, కాళ్ళతో అదిమి ఓ గుంట చేస్తుంది. చుట్టూ నాలుగు గులకరాళ్ళు, మేకపెంటికలు పేరుస్తుంది. అందులో మామూలుగా నాలుగు గుడ్లు, మొనలన్నీ లోపలికి. మట్టిరంగు మీద నల్లటి మరకలు. అడుగు దూరంలో నిలబడి చూసినా ఏది రాయో ఏది గుడ్డో తేలదు. ఎండ ముదిరితే తల్లో తండ్రో నీళ్ళ దగ్గరికి పోయి, పొట్ట ఈకలు బాగా తడుపుకుని, ఆ తడితోనే వచ్చి గుడ్ల మీద కూచుంటుంది. ఈలోగా రెండోది కాపలా. మీ కారు దగ్గరవుతున్నకొద్దీ కాపలాది నెత్తిమీదే చక్కర్లు కొడుతుంది. కంటిముందు ఎర్రటి తోలు కూడా కనిపించేంత కిందికి దూకుతూ గొంతు చించుకుంటుంది. తీతువు కూస్తే అపశకునమని పెద్దలన్నారు గానీ శకునం ఎవరికో చెప్పలేదు. మ్యూజిక్ కాస్త పెంచి రివర్స్ గేరు వేయండి.

హద్దురాళ్ళ మీద ఎఫ్‌టీఎల్ అని రాసి ఉంటుంది. నిండినప్పుడు నీళ్ళు అంతవరకూ వస్తాయని దాని భావం. కూచుని చిప్స్ తినడానికి ఎత్తు సరిపోతుంది. 2024లో చెరువుల్లో ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ రాళ్ళకి కాస్త గౌరవం పెరిగింది, అంతకుముందు కొన్నిచోట్ల వంటింట్లో కూడా ఉండేవి.

గేట్లెత్తిన రోజు

గండిపేట నీటిమట్టం 1,790 అడుగులకో, హిమాయత్ సాగర్‌ది 1,763.5 అడుగులకో దగ్గరపడితే గేట్లెత్తుతారు. టీవీలో స్క్రోలింగ్ కనిపించిన మరుక్షణం బయలుదేరాలి. నార్సింగి–మంచిరేవుల దారి మూసేసి ఉంటుంది. హిమాయత్ సాగర్ దగ్గర ఔటర్ సర్వీసు రోడ్డూ అంతే. బారికేడ్ దగ్గరున్న పోలీసాయనతో ‘బర్డ్ వాచింగ్ అన్నా’ అనండి. పొద్దున్నించీ ఆయన విన్నవాటిలో ఇదే కొత్త సాకు అయ్యుంటుంది.

నిండు జలాశయం కళ్ళకు పండగ. కాకపోతే సగం నీటిపక్షులకు అక్కడ పనిలేదు. ఉల్లంకులూ, వాటి బంధువర్గంలో పొడుగుకాళ్ళవన్నీ తడిబురదలో ముక్కు దించి పురుగులేరుకునే జాతులు. వాటికి కావలసింది అంగుళం రెండంగుళాల నీళ్ళు, దానికింద మెత్తటి ఒండ్రు. నీళ్ళు అంచులు తాకితే ఆ ఒండ్రంతా మునిగిపోతుంది. అవి లేచిపోయి ఎక్కడో మత్తడి కింది పొలంలోనో, సగం ఎండిన కుంటలోనో సర్దుకుంటాయి. చలికాలం గడిచి జలాశయం తగ్గుతూ, రోజుకింత కొత్త బురద తేలుతున్నప్పుడు మళ్ళీ వస్తాయి. ఆ సంగతి టీవీలో స్క్రోల్ కాదు. జనం వెళ్ళరు, బజ్జీల బండీ ఉండదు. అలాంటి రోజు వెళ్ళి ఏం చేస్తారు?

ఈ రెండు జలాశయాలనూ ప్రీవెడ్డింగ్ షూట్ల కోసం కట్టించారని పిల్లలకు చెప్పండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరంలో వేలమందిని పొట్టనబెట్టుకుంటే, అలాంటి వరద మళ్ళీ రాకుండా పైనే ఆపాలన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆలోచనతో 1920లో ఉస్మాన్ సాగర్ (అదే గండిపేట), 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయన్నది చరిత్ర పుస్తకాల గొడవ. ఆ రోజు నూటయాభై మంది దాకా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. దాని నీడలో బండ్లు పెట్టుకోవచ్చు. జలాశయాల పరీవాహకంలోని 84 గ్రామాల్లో ఇష్టమొచ్చినట్టు కట్టకూడదని 1996లో 111 జీవో వచ్చింది. ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామని 2022లో 69 జీవో వచ్చింది. పక్షులకు జీవోలు చదవడం రాదు కాబట్టి ఏ జీవో అమల్లో ఉందో బురదను చూసి తెలుసుకుంటాయి.

వనభోజనం కలిపేస్తే ఖర్చు కలిసొస్తుంది

కార్తీకం కదా, అపార్ట్‌మెంటువాళ్ళందరినీ తీసుకుపొండి. ఉసిరిచెట్టు లేకపోయినా పర్వాలేదు, తుమ్మచెట్టు కింద షామియానా వేయించండి. మైకుసెట్టు తప్పనిసరి. తంబోలా అంకెలు చెరువు అవతలికి వినపడాలి. పులిహోర మిగిలితే నీళ్ళలో వేయండి, బాతులు బియ్యం తినే జాతేనని మీ నమ్మకం. సూదితోక బాతు తల కిందికి, తోక పైకి పెట్టి నీటి అడుగున గింజలూ పురుగులూ వెతుక్కుంటుంది. ప్లాస్టిక్ గ్లాసులు కూడా అడుక్కే చేరతాయి, వెతుక్కోనివ్వండి.

1980లో ఆంధ్రప్రదేశ్ బర్డ్ వాచర్స్ సొసైటీగా మొదలై ఇప్పుడు దక్కన్ బర్డర్స్ అనిపించుకుంటున్న సంఘంవాళ్ళు కూడా ఆ కట్ట మీదే తగలొచ్చు. ష్ అంటారు. వేలు చూపకుండా కళ్ళతో సైగ చేస్తారు. చేతిలో పెన్సిలు, చిన్న నోటుబుక్కు. పిల్లలకు తమ టెలిస్కోపులో చూడమని జాగా కూడా ఇస్తారు. అటువైపు వెళ్ళకండి, పిల్లలు పాడైపోతారు. తంబోలాకి మళ్ళీ రారు.

మూడింటికి పడమట నల్లబడుతుంది. చెరువు మీద వానకోయిలలు నీళ్ళు తాకేంత కిందికి దిగి పురుగుల వెంట పడుతుంటాయి. ఉరుముకూ మెరుపుకూ మధ్య ఎడం తగ్గుతూ వస్తుంది. ఇక కారులోకి పొమ్మని అవి చెప్పే మాట అది. మీరు కట్ట మీద ఒంటరిగా ఉన్న తాటిచెట్టు చూసుకుని దాని కింద నిలబడండి. ఏడు రంగుల గొడుగు ఇనపకర్ర పైకి పెట్టండి. పిడుగు ఎత్తైనదాన్ని వెతుకుతుంది, దానికి శ్రమ ఎందుకు?

వాన వెలిసిందంటే వెంటనే ఇంటిముఖం పట్టాలి. ఇది అన్నిటికన్నా కచ్చితంగా పాటించవలసిన సలహా, ఎందుకంటే చెరువు మీద రోజు మొత్తంలో రెండో తెల్లవారు అదే. నీటికాకి ఈకలు నీళ్ళను పూర్తిగా ఆపవు. తడిసి బరువెక్కడం వల్లే లోతుకు మునగ్గలదు, అందుకే తర్వాత ఎండుకొమ్మ మీద రెక్కలు బార్లా చాపి ఆరబెట్టుకుంటుంది. అలాంటివి వరసగా ఓ పది కూచుంటాయి. నలుపూ తెలుపూ లకుముకి నీళ్ళమీద రెండు నిలువుల ఎత్తులో గాలిలోనే ఆగిపోతుంది. రెక్కలు కనపడనంత వేగంగా ఆడుతుంటాయి. తల మాత్రం కదలదు, ముక్కు సూటిగా కిందికి. ఒక్క క్షణం రెక్కలు ముడుచుకుంటుంది, రాయి పడ్డ చప్పుడు. పైకి లేచేటప్పుడు ముక్కులో వెండిరంగుది ఏదో తన్నుకుంటుంటుంది. కొమ్మ మీద వాలి, చేపను అటూ ఇటూ కొమ్మకేసి బాది, తల వైపు నుంచి మింగుతుంది. ఆ టైముకి మీరు కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఉంటారు.

ఈ అమీన్‌పూర్‌నే 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో నగరపు చెరువు ఒకదానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. బోర్డు ముందు ఫొటో దిగితే చాలు, చెరువు చూసినట్టే.

దూరప్రయాణం ఇష్టమున్నవారికి

పటాన్‌చెరు దాటి సంగారెడ్డి దగ్గర మంజీర అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించారు. మన కుళాయిల్లోకి వచ్చే నీళ్ళలో కొన్ని అక్కడివే. మడుగు మొసళ్ళకు పేరుపడ్డ చోటు కాబట్టి ఒడ్డున కూచుని కాళ్ళు నీళ్ళలో ఆడించండి. ఎండకు ఒడ్డెక్కి పడుకున్న దుంగ కనిపిస్తే సెల్ఫీ. దుంగ నోరు తెరిస్తే అదింకా మంచి సెల్ఫీ.

చలికాలం అక్కడికి బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతులు వస్తాయి. తెల్లటి తల మీద రెండు నల్లచారలు. టిబెట్, మంగోలియా వైపు సరస్సుల దగ్గర పిల్లల్ని పెంచుకుని, హిమాలయాలు దాటి దిగుతాయి. అవసరమైతే ఏడువేల మీటర్లకు పైన కూడా ఎగరగలవని పరికరాలు కట్టి కొలిచారు. అంత దూరం వచ్చి తీరిగ్గా గడ్డి మేస్తుంటే వీడియోలో కదలిక ఉండదు. ఓ రాయి విసరండి. గుంపంతా ఒక్కసారిగా లేస్తుంది, చప్పట్లు కొట్టండి. తిరుగు ప్రయాణానికి దాచుకున్న కొవ్వు అలా కరుగుతుందని ఎవరైనా అంటే, వాటికీ వ్యాయామం కావాలి కదా అనండి.

అంత దూరం పోలేనంటే హుస్సేన్ సాగర్. పదహారో శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టారు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నాలుగూ అందులోకే. పంజాగుట్ట నుంచి ముక్కు పట్టుకుని నడిచినా వెళ్ళొచ్చు.

గుర్తుపట్టడం

తెల్లగా ఉంటే కొంగ, నల్లగా ఉంటే నీటికాకి, మిగిలినవన్నీ సైబీరియా. ఈ సూత్రం ఒక్కటి వస్తే తెలుగునాట ఎక్కడైనా పక్షుల మీద ఉపన్యాసం ఇవ్వొచ్చు. నిజానికి నా సలహాలన్నిటిలో దేశం మొత్తం పాటిస్తున్నది ఇదొక్కటే. తేలినీలాపురంలో గూడబాతులు దిగాయని, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చాయని వార్త రాసినప్పుడల్లా ‘సైబీరియా నుంచి వేల మైళ్ళు’ అన్న వాక్యం దానంతటదే వచ్చి చేరుతుంది. ఉప్పలపాడుకీ అదే, కొల్లేటి ఆటపాకకూ అదే. కాస్త ఆలోచిస్తే తేలిపోయే విషయం. సైబీరియా పక్షి గూడు సైబీరియాలోనే కడుతుంది, ఇక్కడికి చలి తప్పించుకోవడానికే వస్తుంది. మన కళ్ళ ముందే చింతచెట్టు మీద పుల్లలు పేర్చి, గుడ్లు పెట్టి, పిల్లలకు చేపలు మేపుతున్న గూడబాతు సైబీరియాది ఎలా అవుతుంది? అది దక్షిణాసియా పక్షి. నేలపట్టులో, కొల్లేట్లో, ఉప్పలపాడులో పుట్టి, నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ మన జిల్లాల మధ్యే తిరుగుతుంది. కానీ ‘నెల్లూరు నుంచి వచ్చిన పక్షి’ అంటే ఎవరు చూస్తారు? సైబీరియా అనే అనండి.

గట్టున ఊళ్ళోవాళ్ళని అడక్కండి. పొలంగట్టు మీద కదలకుండా నిలబడ్డ మట్టిరంగు కొంగను వాళ్ళు గుడ్డికొంగ అంటారు. దగ్గరికి పోయేదాకా కనపడదు, లేస్తే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. దానికి చూపు లేదని కాదు, మనకు లేదని. చేపలు పట్టే మనిషి ఎక్కడ ఏ పిట్ట ఏ వేళకు దిగుతుందో నిద్రలో లేపినా చెబుతాడు. ఆయన్ని అడిగితే మీ యాప్ చిన్నబుచ్చుకుంటుంది.

పాలపిట్ట కనపడలేదని దిగులు పడొద్దు. మన తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా రోజు చూస్తే శుభం. శివారులో కరెంటు తీగల మీద కూచుని ఉంటుంది గానీ అందుకు శివారుకి పోవాలి. దసరాకి పంజరంలో పెట్టుకుని ఇంటిముందుకే తెచ్చేవాళ్ళుంటారు, నోటిస్తే గుడ్డ తీసి చూపిస్తారు. రెక్కలు కట్టేసి, రోజుల తరబడి మేత సరిగా పెట్టకుండా ఉంచిన పిట్ట మీకు శుభం ఎక్కణ్ణుంచి తెస్తుందని అడగకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలా పట్టి ఉంచడం నేరమనీ గుర్తుచేసుకోకండి. జాబితాలో ఒక టిక్కు పడిందా లేదా?

లెక్క రాయడం

ఇంటికొచ్చి, తల తుడుచుకుని, జ్ఞాపకం మీద లెక్క రాయండి. బాతులు: బోలెడు. కొంగలు: చాలా. సైబీరియా: కొన్ని. అరుదైనవి రెండు మూడు కలిపితే జాబితాకి నిండుదనం వస్తుంది. కలివికోడి అని రాయొచ్చు. ప్రపంచంలోంచే పోయిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా చిట్టడవుల్లో మళ్ళీ కనపడింది, అమీన్‌పూర్‌లో కనపడకూడదని రూలుందా? పక్షుల జాబితాలు పంచుకునే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టేస్తే సరి. అలాంటి జాబితాలు సరిచూసే వాలంటీర్లుంటారు, ఫొటో ఉందా అని మర్యాదగా మెసేజ్ పెడతారు. చూడనట్టు ఊరుకోండి.

ఈ లెక్కలన్నీ ఎవరికి కావాలని మీకు అనుమానం రావచ్చు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల గణన జరుగుతోంది. జీతం లేని మనుషులే చెరువు చెరువుకీ వెళ్ళి, ఒక్కో జాతినీ తల తలా లెక్కపెట్టి రాస్తారు. ఏ చెరువులో బాతులు తగ్గాయో, ఏ కుంట ఎప్పుడు వెంచరుగా మారిందో తెలిసేది ఆ కాగితాల వల్లే. మన జంటనగరాల చుట్టూ చెరువులు చాలా, లెక్కపెట్టేవాళ్ళు ఎప్పుడూ తక్కువే. పేరిస్తే ఎవర్నైనా కలుపుకుంటారు, పక్షుల పేర్లు రాకపోయినా నేర్పుతారు. ఆరున్నరకల్లా కట్ట మీదుండాలన్నదొక్కటే షరతు. మీకెలాగూ పదింటికి గానీ తెల్లారదు కాబట్టి, మీవల్ల వాళ్ళకే ఇబ్బందీ లేదు.